చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టు: జనం చేతిలోనా, ఒక్క స్థానికుడి చేతిలోనా?

అమెరికాలోని గ్రీన్ బే జనాభా లక్ష పైచిలుకు. అక్కడి ప్యాకర్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 1923 నుంచి జనం వాటాలతోనే నడుస్తోంది. 2021లో వాటా 300 డాలర్లు. కొన్నవాళ్లకు ఓటు ఉంటుంది. లాభంలో పైసా రాదు, బయట అమ్ముకోవడానికీ లేదు. అందుకే ఏ కోటీశ్వరుడూ వాటాలు పోగేసి జట్టును ఊరు దాటించలేడు.

న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊరి జట్టు బిల్స్‌ది వేరే దారి. 2014లో యజమాని రాల్ఫ్ విల్సన్ పోయాక, జట్టు టొరంటోకు తరలిపోతుందని అభిమానులు హడలిపోయారు. అక్కడి హాకీ జట్టు యజమానులైన పెగులా దంపతులు 140 కోట్ల డాలర్లకు కొన్నారు. ఊరికి అప్పట్లో అసలు కాపలా మాత్రం స్టేడియం లీజు: తరలిస్తే 40 కోట్ల డాలర్ల జరిమానా ఉండేది. అందులోనూ 2020లో దాదాపు 2.8 కోట్లకే బయటపడే సందు ఉండేది. సంతకానికి ముందు వెతకాల్సింది ఇలాంటి సందులనే.

ప్యాకర్స్ పద్ధతే మేలు, కానీ ఇప్పుడు కుదరదు. ఈ జట్లు ఆడే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్తగా కొనే బృందంలో ప్రధాన యజమానికి కనీసం 30 శాతం ఉండాలి. స్థానిక బృందం ముందుగా ఆ 30 శాతం పెట్టగల మనిషిని పట్టుకోవాలి.