యంత్రాల మీద జనం పగబట్టిన పది వారాలు: ‘ది చేంజెస్’ డీవీడీ

1975 జనవరి 6, సోమవారం సాయంత్రం, బీబీసీలో పిల్లల కార్యక్రమాల వేళ. తెర మీద ఒక మామూలు ఇంగ్లీషు ఇల్లు, ఆ ఇంట్లో నిక్కీ గోర్ అనే బడి పిల్ల, ఆమె తల్లిదండ్రులు. ఉన్నట్టుండి ఒక మోత మొదలవుతుంది. బయటి నుంచి వస్తున్నదో తలలో నుంచే పుడుతున్నదో తెలియని ఆ మోతకు వాళ్లు ఒళ్లు మరిచి, నిన్నటిదాకా అపురూపంగా వాడుకున్న టీవీని, వంటింటి యంత్రాలను చేతికి దొరికిన వస్తువుతో చితకబాదుతారు. కాసేపటికి వీధి వీధంతా అదే పనిలో ఉంటుంది. టీవీ ముందు కూర్చున్న పిల్లలకు, టీవీని పగలగొట్టే కుటుంబాన్ని చూపిస్తూ మొదలైన ధారావాహిక ఇది. మార్చి 10 దాకా పది సోమవారాలు నడిచింది, మరుసటి ఏడాది ఒకసారి పునఃప్రసారమైంది, ఆ తర్వాత చాలాకాలం జనం నోట వినబడలేదు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2014లో దీన్ని రెండు డిస్కుల డీవీడీగా తెచ్చింది. నేను సమీక్షిస్తున్నది ఆ ప్రతినే.

ఇంగ్లండ్‌కు వచ్చి పదిహేడేళ్లయినా ఈ పేరు నేను వినలేదు. నాతో పనిచేసే, అరవై దాటిన ఒక సహోద్యోగి ఒకరోజు భోజన విరామంలో తన చిన్ననాటి టీవీ గురించి చెబుతూ, కరెంటు స్తంభాలను చూసి జనం వణికిపోయే కథ ఒకటి ఉండేదని, దాని పేరు మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదని అన్నారు. ఆ తరం వారిలో ఇటువంటి సగం జ్ఞాపకాలు చాలామందికి ఉన్నాయి. ఆ రోజుల్లో ఇళ్లలో వీడియో రికార్డర్లు లేవు. ఒకసారి తప్పిపోయిన భాగం మళ్లీ చూసే వీలు లేదు. బీబీసీ సైతం 1970ల చివరి దాకా ఎన్నో కార్యక్రమాల టేపులను చెరిపేసి తిరిగి వాడుకుంది. కాబట్టి ఈ పది భాగాలూ చెక్కుచెదరకుండా మిగిలి ఉండడమే ఒక భాగ్యమని నేను నమ్ముతాను.

పీటర్ డికిన్సన్ 1968, 1969, 1970 సంవత్సరాల్లో వెలువరించిన మూడు నవలలు దీనికి ఆధారం. నిర్మాత ఆనా హోమ్ స్వయంగా రచన చేస్తూ, మూడు వేర్వేరు కథలను నిక్కీ అనే ఒక్క పాత్ర చుట్టూ అల్లి, ఒకే ప్రయాణంగా మలిచారు. జాన్ ప్రౌజ్ దర్శకత్వం వహించారు. స్టూడియో గోడల మధ్య కాకుండా బ్రిస్టల్, ఫారెస్ట్ ఆఫ్ డీన్ పరిసరాల్లో ఆరుబయట ఫిల్ము మీద చిత్రీకరించినందువల్ల, ఆనాటి పిల్లల నాటకాల్లో అరుదుగా కనిపించే గాలీ వెలుతురూ ఇందులో ఉన్నాయి. ప్యాడీ కింగ్స్‌ల్యాండ్ సమకూర్చిన ఎలక్ట్రానిక్ సంగీతం విన్నాక, గది దీపం ఆర్పిన తర్వాత కూడా చెవుల్లో తిరుగుతూనే ఉంటుంది.

ధారావాహిక ప్రసారమైన కాలాన్ని తలుచుకుంటే ఆ మోత మరింత అర్థవంతంగా వినిపిస్తుంది. 1974 తొలి నెలల్లో బ్రిటన్‌లో విద్యుత్తు పొదుపు కోసం చాలా కార్యాలయాలకు, కర్మాగారాలకు వారానికి మూడు రోజులే కరెంటు ఇచ్చారు. కొవ్వొత్తుల వెలుతురులో రాత్రి భోజనాలు చేసిన పిల్లలే ఏడాది తిరగకుండా ఈ ధారావాహిక చూశారు. యంత్రం లేని ఇంగ్లండ్ వాళ్లకు అచ్చమైన ఊహ కాదు.

అయితే ఈ డీవీడీని తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా చూడమని చెప్పడానికి నా కారణం వేరు. గుంపులో తల్లిదండ్రుల నుంచి తప్పిపోయిన నిక్కీ, నిర్మానుష్యమైన ఊళ్లో ఒంటరిగా మిగిలినప్పుడు, ఆమెకు ఎదురుపడేది బళ్లు లాక్కుంటూ వెళ్తున్న ఒక సిక్కు బృందం. ఆ మోత వీరి మీద పనిచేయలేదు. యంత్రాలంటే వీరికి భయం లేదు, కానీ యంత్రాన్ని ముట్టుకుంటే చుట్టుపక్కల జనం తమను చంపుతారన్న భయం ఉంది. గనుల్లో విషవాయువును పసిగట్టడానికి పంజరంలో పిట్టను తీసుకువెళ్లినట్టు, దేన్ని చూస్తే జనానికి కోపం వస్తుందో ముందుగా తెలుసుకోవడానికి నిక్కీని వెంట ఉంచుకుంటారు. అది మొదట ఇరుపక్షాల అవసరం, మెల్లగా బంధుత్వమవుతుంది.

‘ది బ్యాడ్ వైర్స్’ అనే రెండవ భాగాన్ని నేను మూడుసార్లు చూశాను. విద్యుత్ తీగల దగ్గరికి రాగానే నిక్కీ కాళ్లు ముందుకు సాగవు. ఆమె కళ్లలోని భయం సిక్కులకు అర్థం కాదు, అయినా వారు దాన్ని ఎగతాళి చేయరు. బృందానికి పెద్ద దిక్కు ఒక అవ్వ. సాహబ్ కిజిల్‌బాష్ ఆ పాత్ర ధరించారు. ఆమె పంజాబీలోనే మాట్లాడుతుంది, మనవరాలి ఈడు పిల్ల దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంది. ఆ భాషను హాస్యం కోసం వాడకపోవడం, అవ్వ మాటకు అందరూ తలొగ్గడం, నిర్ణయాల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడడం చూస్తుంటే మా అమ్మమ్మ గారి ఇంటి వసారా గుర్తుకొచ్చింది. రఫీక్ అన్వర్ పోషించిన పాత్రను అందరూ ‘చాచా’ అంటారు. మనకైతే బాబాయి. నెమ్మదిగా మాట్లాడే ఆ బాబాయి దగ్గర నిక్కీ ఎంత నిశ్చింతగా ఉంటుందో ఆ పాత్ర వేసిన విక్టోరియా విలియమ్స్ మాటల్లో కాక నడకలో చూపించింది.

తర్వాత వారు ఒక పొలంలో స్థిరపడి కొలిమి పెట్టుకుంటారు. యంత్రాలు పోయిన దేశంలో చేత్తో వాడే పనిముట్లు కావాలి, వాటిని చేయగలిగినవారు వీళ్లే. పక్క ఊరివాళ్లు వీరిని సైతాను పిల్లలని పిలుస్తూనే వీరు చేసిన ఇనుప సామాను కోసం వస్తారు. మనిషి అక్కరలేదు, అతని పనితనం మాత్రం కావాలి. వలస వెళ్లిన ప్రతివారికీ ఈ లెక్క తెలుసు. ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హ్యాంప్టన్‌లో సిక్కు బస్సు ఉద్యోగులు తలపాగా ధరించే హక్కు కోసం 1969 దాకా పోరాడవలసి వచ్చింది. 1974లో మొదలైన ఒక ప్రసిద్ధ బీబీసీ హాస్య ధారావాహికలో భారతీయ పాత్రను ముఖానికి రంగు పూసుకున్న బ్రిటిష్ నటుడు వేశాడు. అటువంటి రోజుల్లో, అదే సంస్థ పిల్లల విభాగం దక్షిణాసియా నటులతోనే ఈ కుటుంబాన్ని నిలబెట్టి, ఇంగ్లీషు పిల్లకు ఆశ్రయమిచ్చే చేతులు వీరివే అని చూపించింది. దీనికి దక్కవలసిన గౌరవం ఇప్పటికీ దక్కలేదని నా అభిప్రాయం.

లోపాలు లేవని చెప్పను. నిక్కీ సిక్కులను విడిచి వెళ్లాక కథలో వెచ్చదనం తగ్గుతుంది. షిప్టన్ అనే ఊళ్లో ఆమెను మంత్రగత్తెగా ముద్రవేసి రాళ్లతో కొట్టి చంపాలని తీర్పు చెప్పే భాగాలు మాత్రం బలంగానే ఉన్నాయి. చేతబడి చేసిందన్న నెపంతో ఒక ఆడమనిషిని ఊరంతా చుట్టుముట్టిన వార్తలు మన పత్రికల్లో చదివినవారికి డేవీ గోర్డన్ అనే ఊరి పెద్ద కొత్తవాడు కాడు. అక్కడి నుంచి తప్పించుకుపోయే పడవ ప్రయాణం కాస్త సాగుతుంది. చివరి రెండు భాగాల్లో మోతకు కారణం వెతికే ఘట్టం నాకు తొందరపాటుగా తోచింది. ఎనిమిది భాగాలు కూడగట్టిన రహస్యానికి ఆ జవాబు సరిపోలేదు.

డీవీడీ విషయానికి వస్తే, బొమ్మలో పాత ఫిల్ము గరుకుదనం ఉంది, రంగులు కొంత వెలిశాయి. అయినా ముఖాలు, పచ్చిక, వాన చినుకులు స్పష్టంగా కనిపిస్తాయి. బ్రిటన్‌లోని ఆసియా కుటుంబాల గురించి 1980లలో తీసిన ఒక లఘుచిత్రాన్ని అదనంగా చేర్చారు. ఈ ధారావాహికలో సిక్కుల పాత్రకు ఎంత విలువ ఉన్నదో సంపాదకులు గ్రహించారనడానికి అదే నిదర్శనం. ఒక్కో భాగం సుమారు 25 నిమిషాలు కాబట్టి వారాంతంలో మొత్తం పూర్తి చేయవచ్చు, కానీ రోజుకు ఒకటి చొప్పున చూడడమే మేలు.

కొనేవారికి రెండు మాటలు. నేను మొదట ఒక వ్యక్తి దగ్గర పాత ప్రతి కొంటే, రెండవ డిస్కు గీతలు పడి ఎనిమిదో భాగం దగ్గర ఆగిపోయింది. డబ్బు తిరిగి రాలేదు. పాత ప్రతి కొనేటట్టయితే డిస్కుల అడుగువైపు ఫోటో అడిగి తెప్పించుకోండి. డీవీడీలను రీజియన్లుగా, అంటే ప్రాంతాల వారీగా విడగొట్టి అమ్ముతారు; బ్రిటన్ డీవీడీలు రీజియన్ 2కు చెందినవి, భారతదేశం రీజియన్ 5. హైదరాబాదులో ఉన్న మా అన్నయ్యకు ఒక ప్రతి పంపినప్పుడు వారి ప్లేయరు దాన్ని తీసుకోలేదు. అన్ని రీజియన్లూ చదివే ప్లేయరు తెచ్చుకున్నాక ఇబ్బంది లేకుండా నడిచింది. మొన్న ఫోనులో మా వదిన, మిగతా కథ సంగతి తర్వాత, ముందు ఆ అవ్వ ఉన్న భాగాలు ఏయే నంబర్లో చెప్పమని అడిగింది. రెండు నుంచి నాలుగు దాకా చూడమన్నాను.