సేజ్ గ్రీన్ గోడలు: సార్వా, దాళ్వా రెండూ చూశాక

బూడిద రంగు కొంత కలిసిన లేత ఆకుపచ్చను పెయింటు దుకాణాల్లో సేజ్ గ్రీన్ అంటున్నారు. కోనసీమలో అంబాజీపేట వైపు ఉన్న మా ఇంట్లో హాలుకు, ఒక పడకగదికి, వసారా లోపలి గోడకు ఈ రంగునే ఎమల్షన్‌లో వేయించాము. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు, దాళ్వా (రబీ వరి) కోతలు రెండూ పూర్తయిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. ఎందుకంటే డెల్టాలో ఆకుపచ్చ గోడను ఒక్క కాలంలో చూసి తీర్పు చెప్పడం సరికాదు.

చేను పచ్చగా ఉన్న నెలల్లో ఎండ ఆ ఆకుల మీద పడి, వాటి పచ్చదనాన్ని కిటికీలోంచి గదిలోకి తెస్తుంది. తెల్లగోడ మీద కూడా ఆ ఛాయ లీలగా కనిపిస్తుంది. అప్పటికే ఆకుపచ్చగా ఉన్న గోడ మీద పడితే రంగు ఒక మెట్టు చిక్కబడుతుంది. షేడ్ కార్డులో ఎంతో హుందాగా కనిపించిన రంగు సెప్టెంబరు నెలలో పిస్తా రంగులా తేలిపోవడానికి కారణం ఇదే. అందుచేత మన ప్రాంతంలో కార్డు మీద కాస్త వెలిసినట్టు, బూడిద ఎక్కువైనట్టు అనిపించే షేడునే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. మేము తీసుకున్నది అలాంటిదే. చేను పచ్చగా ఉన్నంతకాలం అది నిండుగా, ప్రశాంతంగా ఉంది. కోతలయ్యాక దుబ్బులు మిగిలిన పొలం మీదుగా వచ్చే గోధుమరంగు వెలుగులో కొంచెం ఖాకీ వైపు మొగ్గింది. అయినా ఎబ్బెట్టుగా లేదు.

పడకగది విషయంలో ఇంత సంతృప్తి లేదు. దాని కిటికీ కొబ్బరితోటలోకి తెరుచుకుంటుంది కాబట్టి పగటిపూట కూడా అక్కడ నీడే ఎక్కువ. రంగు ఎంత వెలుగును తిప్పి పంపుతుందో చెప్పే ఎల్‌ఆర్‌వీ అనే అంకె 0 నుంచి 100 దాకా ఉంటుంది, నలుపుకు తక్కువ, తెలుపుకు ఎక్కువ. చాలా కంపెనీలు దాన్ని షేడు వివరాలతో పాటు ఇస్తాయి. సేజ్ గ్రీన్‌లలో ఒక మోస్తరు ముదురుగా ఉండేవి దాదాపు సగం వెలుగును మింగేస్తాయి. హాలుకు అది హాయి, తోటనీడలో ఉన్న గదికి మాత్రం భారం. అలాంటి గదిలో మంచం తలవైపు గోడకు మాత్రమే ఈ రంగు వేసి, మిగిలిన మూడింటికి మీగడ తెలుపు వేయించుకోవడం మంచిది.

నమూనా చూసే పద్ధతి గురించి కొంత వివరంగా చెప్పాలి. అగ్గిపెట్టె అంత కార్డు ముక్కను చూసి రంగు నిర్ణయించడం కష్టం. చిన్న నమూనా డబ్బా కొని, పాత గోడ మీద కాకుండా, ప్రైమర్ వేసిన రెండడుగుల అట్ట మీద రెండు కోట్లు వేయాలి. పాత గోడ గులాబీ రంగులో ఉంటే దాని పక్కన పెట్టిన ఆకుపచ్చ ఉన్నదానికంటే పచ్చగా కనబడి కంటిని మోసం చేస్తుంది. అట్ట అయితే గదిగదికీ మార్చుకుంటూ ఉదయం, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడవచ్చు. రాత్రి వెలుగు చాలా ముఖ్యం. మన ఇళ్లలో అలవాటైన 6500 కెల్విన్ (వెలుగు ఛాయను చెప్పే లెక్క) తెల్లటి ట్యూబులైటు కింద సేజ్ గ్రీన్‌లోని వెచ్చదనం పోయి ఆసుపత్రి వరండా గుర్తుకొస్తుంది. 3000 కెల్విన్ పసుపు బల్బు కింద అది ఆలివ్ రంగుకు దిగుతుంది. మా హాల్లో 4000 కెల్విన్ ఎల్‌ఈడీలు పెట్టిన తరువాత పగలు చూసే రంగుకు రాత్రి చూసే రంగు దగ్గరగా వచ్చింది. రంగుల మేస్త్రీ ముందే అన్నాడు, "లైటు మార్చకుండా ఈ రంగేయించుకోవద్దండీ" అని. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

జత రంగుల దగ్గర ఈ ఆకుపచ్చ నిజంగా తన విలువ చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ ఒకదానికొకటి ఎదురు రంగులు. గోడ మరీ పచ్చగా ఉంటే రెడ్ ఆక్సైడ్ గచ్చుతో పోట్లాడుతుంది, కానీ బూడిద కలిసిన పచ్చ ఆ ఎరుపును నిలబెట్టి తాను వెనక్కి తగ్గుతుంది. పాత మండువా ఇళ్లలో ఉండే టేకు ద్వారబంధాలకు రంగు వేయకుండా పాలిష్ పెట్టించి వదిలేస్తే, ఆ తేనెరంగు ఈ గోడ మీద ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను. పాత అలవాటు ప్రకారం తలుపులకు, కిటికీలకు చిలకపచ్చ ఎనామిల్ ఉంచుకుంటే మాత్రం ఈ గోడరంగు మాసిపోయినట్టు కనిపిస్తుంది. రెండింటిలో ఒకటే పెట్టుకోవాలి.

తెలుగింట్లో గోడ ఏ రంగుదైనా పసుపు రాసిన గడపతో, కుంకుమ బొట్లతో, పండగనాటి మామిడి తోరణంతో, బంతిపూలతో కలిసి ఉండాలి కదా. ఈ పరీక్షలో మా గోడ చక్కగా నెగ్గింది. తాజా మామిడాకులు గోడకంటే ముదురు కాబట్టి విడిగా తెలుస్తాయి, పసుపు మరింత ప్రకాశిస్తుంది. సీలింగుకు నీలి ఛాయ ఉన్న మెరుపు తెలుపు వద్దు, చల్లగా, ఎడంగా ఉంటుంది. సున్నం వేసిన గోడ తెలుపులో ఉండే వెచ్చదనం కావాలి. కిటికీలకు నరసాపురం లేసు పరదాలు, మీగడ రంగువి, కట్టాము. ఇత్తడి బిందెలు, గంధపు రంగు దుప్పట్లు కూడా బాగా కలుస్తాయి. బూడిద రంగు సోఫా మాత్రం గోడలో కలిసిపోయి గదిని నిర్జీవంగా మారుస్తుంది.

ఇక చెమ్మ సంగతి. కాలువల మధ్య ఉన్న మన నేలలో నీరు చాలా పైనే ఉంటుంది. అది పునాదుల్లోంచి గోడల్లోకి ఎక్కి, ఆరిపోతూ ఉప్పును బయటికి తోస్తుంది. తెల్లగోడ మీద ఆ ఉప్పు కంటికి ఆనదు. సేజ్ గ్రీన్ మీద తెల్లటి మచ్చలుగా స్పష్టంగా కనిపిస్తుంది. వానాకాలంలో మా వసారా గోడ అడుగున ఇది బయటపడింది. ఇది రంగు నాణ్యత లోపం కాదు, ఎక్కువ కోట్లు వేసినా పోదు. చెమ్మ ఎక్కే గోడకు ముందు ఆ దారి మూయించాలి, లేదంటే అడుగునుంచి మూడడుగుల దాకా ఈ రంగును మానుకోవాలి. సున్నపు అడుసుతో కట్టిన పాత ఇటుక గోడలైతే ప్లాస్టిక్ ఎమల్షన్ అసలే వద్దని చెబుతాను. ఆ గోడ తేమను బయటికి వదలాలి, పొర అడ్డుపడితే పెచ్చులుగా రాలుతుంది. అక్కడ సున్నంలోనే క్షారానికి తట్టుకునే క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ, కొద్దిగా పసుపు ఆక్సైడ్, చిటికెడు నలుపు కలిపి వేయించుకుంటే ఇదే ఛాయ వస్తుంది, గోడా బతుకుతుంది.

కొత్త సిమెంటు ప్లాస్టరింగుకు కనీసం 28 రోజులు నీటి తడులు, ఆరుదల పూర్తికాకుండా రంగు వేయకూడదు. పచ్చి ప్లాస్టరులోని క్షారం కొన్ని సేంద్రియ పసుపు వర్ణాలను తినేస్తుంది, అప్పుడు సేజ్ గ్రీన్ నీలిగా మారిపోతుంది.

మెరుపు విషయంలో మా ఎంపిక పూర్తి మ్యాట్. లప్పంలోని ఎగుడుదిగుళ్లను అది బాగా దాచింది, రంగు లోతుగా ఉంది. కానీ స్విచ్ బోర్డుల చుట్టూ చేతులు తగిలిన చోట, తుడిచిన చోట నిగనిగలాడే మరకలు పడ్డాయి. పిల్లలున్న ఇంటికి స్వల్ప మెరుపు ఉన్న రకమే తగినది. మొత్తం గదికి సరిపడా రంగును ఒకేసారి యంత్రం మీద కలిపించి, డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్‌లో కలుపుకుని వేయించండి. ఇంత సున్నితమైన బూడిదపచ్చలో రెండు విడతల మధ్య కొద్దిపాటి తేడా వచ్చినా గోడ మధ్యలో గీతలా కనబడుతుంది. డబ్బా మూత మీద అంటించే షేడు నంబరు, బేస్ (రంగు కలిపే మూల పెయింటు) రకం ఉన్న చీటీని దాచి ఉంచండి, తరువాత అతుకులు వేసేటప్పుడు అదే అక్కరకొస్తుంది.