హోసూరులో ‘మనోళ్ళు’

లాడ్జి కౌంటర్లో కుర్రాడు "రండన్నా, మీరు మనోళ్ళే కదా" అన్నాడు. ఆ మాటకి నాకు అదనంగా పడిన బిల్లు 700 రూపాయలు.

బెంగళూరు నుంచి తమిళనాడు సరిహద్దు ఊరు హోసూరు 40 కిలోమీటర్లే. శనివారం సాయంత్రం కావడంతో దారిలో కర్ణాటక చివరి ఊరు అత్తిబెలె దాటేసరికే రెండు గంటలు పట్టింది. ఫోన్లో 1,100 అన్న రూము, మేం చేరాక 1,500 అయింది. పెళ్ళిళ్ళ సీజనట. అత్తయ్యకి వేసిన అదనపు పరుపు 200, రెండు బకెట్ల వేణ్ణీళ్ళు 100. ఆ పరుపూ అట్టముక్కలా ఉంది. అంత తీయగా తెలుగు మాట్లాడేవాడితో పోట్లాడటానికి నోరు రాలేదు. "పరాయివాడైతే బేరమాడేవాడివి బాబూ" అని అత్తయ్య రాత్రంతా దెప్పింది. మా ఆవిడ అసలు మాట్లాడలేదు.

పొద్దున చంద్రచూడేశ్వరస్వామి కొండకి ఆటో 120. దర్శనం హాయిగా అయింది. ఆటో ఆయన మాతో తెలుగు, ఫోన్లో తమిళం, ఎదురొచ్చిన లారీవాడితో కన్నడం. ఇంట్లో తెలుగేనట, కూతుర్నిచ్చింది మాత్రం మాలూరు కన్నడిగులకి. నా ఫోన్లో తెలుగు మెసేజ్ చూపిస్తే చదవలేకపోయాడు. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు ఈ తాలూకా మద్రాసు వైపే ఉండిపోయింది. 2006 చట్టంతో బళ్ళలో తమిళం తప్పనిసరైంది. "మావాడికి తెలుగు మాటొచ్చు, అక్షరం రాదు" అన్నాడాయన, ఫిర్యాదులా కాదు, వాతావరణం చెప్పినట్టు.

మధ్యాహ్నం మెస్సులో 90 రూపాయల ప్లేటు. అత్తయ్య సంగటి అడిగింది, సర్వరు వంటింట్లోకి "ఒరు కళి" అని కేకేశాడు, పక్క బల్లమీది కన్నడాయన ముద్దకి ఇంకాస్త పులుసు పోయమన్నాడు. మూడూ ఒకే రాగి ఉండ! మా ఎదురుగా ఫ్యాక్టరీ యూనిఫాంలో ఇద్దరు ఒడియా కుర్రాళ్ళు అన్నమే తిన్నారు. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చాక ఊరికి ఇలాంటి భాషలు ఇంకెన్నో చేరాయి. అత్తయ్య రెండో ఉండ వేయించుకుంది, కోపం అక్కడ దిగింది.

బస్టాండు దగ్గర ఒక ముస్లిం పెద్దాయన టీ కొట్టు. ఇంట్లోవాళ్ళతో ఉర్దూ, మాతో తెలుగు. మూడు టీలకి 45 అయితే 50 ఇచ్చాను. నేను మర్చిపోయి నడుస్తుంటే పిలిచి మరీ చిల్లర చేతిలో పెట్టాడు.

వెళ్ళాలనుకుంటే పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేయండి. రూము తప్పదంటే తమిళంలోనో కన్నడంలోనో అడగండి. తెలుగు వచ్చని మాత్రం చెప్పకండి.