ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్: రంగు చూసి మార్చాలా, కిలోమీటర్లు చూసి మార్చాలా?

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను ఎప్పుడు మార్చాలని అడిగితే, నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా మూడు రకాల సమాధానాలు వస్తాయి. ఎర్రగా ఉన్నంతకాలం మార్చనక్కర్లేదని కొందరు మెకానిక్‌లు అంటారు. బండి జీవితకాలానికి సరిపడా పోసిన ఆయిల్ కనుక దాన్ని ముట్టుకోవద్దని మరికొందరు అంటారు. రంగుతో పని లేకుండా కిలోమీటర్ల లెక్కన మార్చేయాలని మిగిలినవారు అంటారు. మన ఎండలకు, మన రోడ్లకు మూడవ మాటే సరైనదని, మొదటిదాన్ని ప్రమాద సూచనగా మాత్రమే వాడుకోవాలని, రెండవదాన్ని పదేళ్లపాటు ఒకే బండి నడుపుకోదలచినవారు నమ్మకూడదని నా అభిప్రాయం.

ముందుగా ఈ చర్చ ఏ బండ్లకు వర్తిస్తుందో తేల్చుకోవాలి. వ్యాగన్ఆర్, స్విఫ్ట్ వంటి వాటిలో వచ్చే ఏఎమ్‌టీలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పనిని, గేరు మార్చే పనిని యంత్రం చేస్తుంది, అంతే. దాని ఆయిల్ వేరు, దాని లెక్క వేరు. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ మోడళ్లలో వచ్చినటువంటి టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే భాగం) గేర్‌బాక్సులకు, హోండా సిటీలో వచ్చే సీవీటీలకు (విడివిడి గేర్లకు బదులు పుల్లీలు, బెల్టుతో నడిచేవి) మాత్రమే ఇక్కడి మాటలు వర్తిస్తాయి. వీటిలో ఆయిల్ పని కందెనతో ఆగదు. క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టే ఒత్తిడి దానిదే, ఇంజన్ శక్తిని టార్క్ కన్వర్టర్ గుండా అవతలికి చేరవేసేది అదే, అక్కడ పుట్టిన వేడిని కూలర్ దాకా మోసుకుపోయేదీ అదే.

రంగును నమ్మేవారు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ ఎరుపు ఆయిల్‌కు సహజమైనది కాదు. లీకైనప్పుడు ఇంజన్ ఆయిల్‌తో పొరబడకుండా గుర్తుపట్టేందుకు కలిపిన రంగు. కొన్ని ఆయిళ్లు ఆ ఎరుపును త్వరగా పోగొట్టుకుని గోధుమ రంగుకు తిరిగి, ఆ తర్వాత కూడా చాలాకాలం చక్కగా పనిచేస్తాయి. అదే సమయంలో, ఎరుపు ఇంకా మిగిలి ఉన్న ఆయిల్‌లో క్లచ్ ప్లేట్లు సాఫీగా పట్టుకునేందుకు కలిపిన రసాయనాలు అరిగిపోయి ఉండవచ్చు. ఆ లోపం కంటికి కనబడదు. సీవీటీ ఆయిళ్లలోనైతే కొత్తగా పోసినప్పుడే ఎరుపు లేనివి ఉన్నాయి. కాబట్టి ఎర్రగా ఉందన్న ఒక్క కారణంతో మార్పును వాయిదా వేయడం సరికాదు.

అలాగని చూడడం వృథా కాదు. తెల్లటి గుడ్డ మీద రెండు చుక్కలు వేసి చూసినప్పుడు ఆయిల్ నల్లగా ఉండి మాడు వాసన కొడితే, క్లచ్ ప్లేట్లు జారుతూ కాలుతున్నాయని అనుమానించాలి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉండడం సహజమే. వేలికి గుచ్చుకునే లోహపు రేకులు కనిపిస్తే మాత్రం అది ఆయిల్ మార్పుతో తీరే జబ్బు కాదు. అన్నింటికన్నా తీవ్రమైనది, ఆయిల్ తెల్లబారి చిక్కటి గులాబీ రంగులోకి మారడం. లోపలికి నీరు చేరిందని దాని అర్థం. రేడియేటర్‌లో ఉండే ఆయిల్ కూలర్‌కు చిల్లుపడినా అలా అవుతుంది; 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర జాతీయ రహదారినే తెంచివేసిన పెన్నా వరద వంటి దానిలో కారు మునిగి, గేర్‌బాక్స్ గాలి గొట్టం గుండా నీరు దూరినా అవుతుంది. క్లచ్ ప్లేట్ల మీది పూతను పట్టి ఉంచే జిగురును నీరు వదులు చేస్తుంది కనుక, అటువంటి కారును స్టార్ట్ చేయకుండా వేరే బండి మీదికి ఎక్కించి షెడ్డుకు చేర్చడమే క్షేమం.

ఇక జీవితకాలం మాట. గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ స్వయంగా 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎక్కువలో ఎక్కువ 8 ఏళ్లకు ఆయిల్ మార్చమని చెబుతున్నప్పుడు, అదే తరహా గేర్‌బాక్సుకు ఆయిల్ ఎప్పటికీ మార్చనక్కర్లేదనడంలో బలం లేదు. ఆ లెక్క కూడా మామూలు వాడకానికే. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ ఆయిల్ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూలంగా అందరూ అంగీకరించే సూత్రం. మే నెలలో నీడలోనే నలభై రెండు డిగ్రీలు దాటే ఊళ్లలో కూలర్‌కు తగిలేదే వేడిగాలి అయినప్పుడు, మనది తీవ్రమైన వాడకం కిందికే వస్తుంది.

ఇక్కడ కూడా అన్ని కార్లూ ఒకటి కావు. ఒంగోలు నుంచి నెల్లూరుకు పదహారవ నంబరు జాతీయ రహదారి మీద ఒకే వేగంతో వెళ్లే కారులో టార్క్ కన్వర్టర్ లాక్ అయి, అంటే దాని రెండు వైపులూ బిగిసి ఒకటిగా తిరుగుతూ ఉంటుంది కనుక జారుడు తక్కువ, వేడి తక్కువ. తీరం వెంబడి రొయ్యల చెరువుల గట్ల మీద ఒకటీ రెండు గేర్లలోనే రోజంతా తిరిగే కారుకు, చీమకుర్తి క్వారీల దారిలో గ్రానైట్ లారీల వెనుక ఆగుతూ కదిలే కారుకు, గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కే కారుకు ఆ సౌకర్యం లేదు. మీటరులో కిలోమీటర్లు తక్కువగా కనిపించినా అటువంటి కార్లలో ఆయిల్ ఎక్కువ కాగి ఉంటుంది. హైవే కారుకు 60,000, ఈ రెండవ రకానికి, సీవీటీలన్నింటికీ 40,000 కిలోమీటర్లకు మార్చడం మేలని నేను సూచిస్తాను. కారు పుస్తకం అంతకన్నా ముందే మార్చమంటే పుస్తకం మాటే పాటించాలి.

మార్చే పద్ధతిలోనూ రెండు దారులున్నాయి. డ్రెయిన్ ప్లగ్ విప్పితే పాత ఆయిల్ అంతా రాదు. టార్క్ కన్వర్టర్‌లోనూ గొట్టాల్లోనూ సగానికి పైగా నిలిచిపోవచ్చు. ఒక్కసారికి నలభై శాతం మారుతుందనుకుంటే, మధ్యలో కొన్నాళ్లు నడుపుతూ మూడుసార్లు చేస్తే దాదాపు 78 శాతం కొత్తదవుతుంది. మెషిన్‌తో చేసే ఫ్లషింగ్‌లో ఒకే పూటలో దాదాపు మొత్తం మారుతుంది, కానీ ఆయిల్ ఎక్కువ పడుతుంది, ఖర్చు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మొదటి నుంచి వేళకు మార్చుతూ వచ్చిన బండికి ఏదైనా పరవాలేదు. లక్షన్నర కిలోమీటర్లు తిరిగినా ఒక్కసారి కూడా ఆయిల్ మారని సెకండ్ హ్యాండ్ కారుకు మాత్రం నేను డ్రెయిన్ పద్ధతినే ఎంచుకుంటాను. పేరుకున్న మడ్డి ఒక్కసారిగా కదిలి ఆయిల్‌ను కావలసిన చోటికి మళ్లించే వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో అడ్డుపడే అవకాశం అందులో తక్కువ. ఆయిల్ మార్చాక గేర్‌బాక్స్ చెడిందని చెప్పే కథల్లో చాలావరకు, అప్పటికే జారుతున్న గేర్‌బాక్స్‌కు చివరి ఆశగా ఆయిల్ మార్చినవే ఉంటాయి.

మట్టం చూసే విషయంలో మన ప్రాంతంవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. డిప్‌స్టిక్ లేని నేటి గేర్‌బాక్సుల్లో చాలావాటికి ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి సుమారు 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ప్లగ్ విప్పి, పొర్లే ఆయిల్‌ను బట్టి మట్టం నిర్ణయిస్తారు. కచ్చితమైన అంకె కంపెనీని బట్టి మారుతుంది. నెల్లూరు మే మధ్యాహ్నంలో ఇంజన్ తిప్పకముందే ఆయిల్ ఆ హద్దు దగ్గరికి చేరి ఉంటుంది. వేడెక్కి ఉబ్బిన ఆయిల్ ముందే పొర్లిపోయి, మట్టం సరిపోయిందన్న భ్రమ కలిగిస్తుంది, చల్లారాక చూస్తే తక్కువ పడుతుంది. కాబట్టి ఆ పనికి తెల్లవారుజామునే బండిని షెడ్డులో ఉంచి, స్కానర్‌లో ఆయిల్ వేడిని చూస్తూ చేయించాలి. దించిన పాత ఆయిల్‌ను కొలిచి చూపమని మెకానిక్‌ను అడగాలి; కొత్త డబ్బా మీది గ్రేడు కారు పుస్తకంలోని గ్రేడుతో అక్షరం అక్షరం సరిపోతేనే మూత తీయనివ్వాలి.