గోల్ఫ్ టీ మీద డ్రైవరా, త్రీ వుడ్డా: ఐదేళ్లు రెండూ వాడాక

"ఏటి తియ్యమంటారు సార్?" అని గోల్ఫ్ సంచి మోసే క్యాడీ అడుగుతాడు. మేం నిలబడేది టీ మీద, అంటే హోల్ మొదలయ్యే చోట; బంతిని నిలిపే చిన్న పుల్లనీ టీ అనే అంటారు. ఒక చెయ్యి సంచిలోకెల్లా పొడవైన క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) డ్రైవర్ కవరు మీద, ఇంకో చెయ్యి దానికన్నా పొట్టిదైన త్రీ వుడ్ కవరు మీద ఉంటుంది. ఐదేళ్లుగా ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఆ ప్రశ్నకి జవాబు చెబుతూనే ఉన్నాను. మొదటి రెండేళ్లు చెప్పిన జవాబు తప్పని తెలుసుకోడానికి మిగతా మూడేళ్లు పట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఆడేది విశాఖలో, ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో. 1884లో పుట్టిన క్లబ్బు అది. నా వయసు 53, హ్యాండిక్యాప్ (మంచి ఆటగాడి కన్నా రౌండుకి ఎక్కువ పడే దెబ్బల లెక్క) 18కి అటూ ఇటూ. డ్రైవర్ బాగా తగిలితే గాల్లో 200 గజాలు పోతుంది, నేల గట్టిగా ఉంటే దొర్లుకుంటూ 215 దాకా వెళ్తుంది. త్రీ వుడ్ గాల్లో 180, దొర్లితే 195. ఈ దూరాలు ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసేదంతా వీటి మీదే నిలబడింది. 250 గజాలు కొట్టే కుర్రాళ్లకి ఈ లెక్క సరిపోదు.

నా డ్రైవర్ లాఫ్ట్, అంటే బంతికి తగిలే ఫేసు వెనక్కి వాలిన కోణం, 10.5 డిగ్రీలు, కొన్నప్పుడు పొడవు 45.5 అంగుళాలు. త్రీ వుడ్ 15 డిగ్రీలు, 43 అంగుళాలు. కంపెనీ పేర్లు కావాలనే రాయట్లేదు. ఏ కంపెనీది కొన్నా ఈ రెంటి మధ్య తేడా పొడవులోనూ లాఫ్ట్‌లోనూ తలకాయ సైజులోనూ ఉంటుంది. నేను సమీక్షిస్తున్నది ఆ తేడానే.

డ్రైవర్ కొన్న కొత్తలో బంతి కుడివైపుకి అరటిపండులా వంగిపోయేది. రౌండుకి మూడు నాలుగు బంతులు పొదల్లో కలిసిపోయేవి. తోటి ఆటగాళ్లంతా ఒకే మాట: డ్రైవర్ సంచిలో పెట్టెయ్యండి, త్రీ వుడ్ కొట్టండి, తిన్నగా పోతుంది. 2016లో స్కాట్లండ్‌లోని రాయల్ ట్రూన్‌లో ఓపెన్ టోర్నీ గెలిచిన హెన్రిక్ స్టెన్సన్ పేరు కూడా చెప్పేవారు, ఆయన టీ మీద త్రీ వుడ్ వాడటంలో దిట్ట కాబట్టి. విన్నాను. 2021లో దాదాపు ఏడాది పాటు డ్రైవర్ కవరు తియ్యలేదు.

బంతులు పోవడం తగ్గిన మాట నిజం. స్కోరు మాత్రం తగ్గలేదు. ఇది నన్ను చాలాకాలం వేధించింది. ఫెయిర్‌వే (గడ్డి కురచగా కోసిన దారి) మధ్యలో నిలబడి, ఇంత బాగా కొట్టాక కూడా నాలుగు దెబ్బల హోల్‌కి ఐదు ఎందుకు పడుతోందని బాధపడిన రోజులు ఎన్నో. ప్రతి హోల్‌కీ రెండో దెబ్బకి ఎంత మిగిలిందో ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాక విషయం బోధపడింది. నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన 380 గజాల పార్ ఫోర్‌లో డ్రైవర్ తగిలితే నాకు 165 మిగులుతుంది, అంటే పొడుగు ఐరన్ (ఇనప తల క్లబ్బు). త్రీ వుడ్ తగిలితే 185, అంటే మళ్లీ ఇంకో వుడ్. ఐరన్‌తో గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) అంచుకైనా చేరతాను. 185 నుంచి నేల మీద ఉన్న బంతిని వుడ్‌తో కొట్టి గ్రీన్ మీద నిలపడం నా వల్ల అయ్యే పని కాదు. టీ మీద పొదుపు చేసిన భయాన్ని రెండో దెబ్బలో వడ్డీతో కట్టాను.

కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ ఒక్కో దెబ్బ ఎంత కలిసొచ్చిందో చెప్పే 'స్ట్రోక్స్ గెయిన్డ్' అనే కొలత తయారుచేశాడు. అమెరికాలో ప్రొఫెషనల్ పోటీలు నడిపే పీజీఏ టూర్ 2011లో పుటింగ్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించడంతో) మొదలుపెట్టి దాన్ని వాడుతోంది. ఆయన లెక్కల్లో తేలింది ఇదే: టీ మీద దూరానికి మనం అనుకునే దానికన్నా ఎక్కువ విలువుంది. మామూలు ఆటగాడికి కూడా. నా నోటుపుస్తకం చూసుకున్నాక ఆ మాట నాకు పుస్తక జ్ఞానంలా అనిపించలేదు.

మరి త్రీ వుడ్ తిన్నగా పోతుందన్నది అబద్ధమా? కాదు. ఎందుకు పోతుందో తెలిస్తే ఎప్పుడు పోదో కూడా తెలుస్తుంది. పొడవు రెండున్నర అంగుళాలు తక్కువ కాబట్టి ఫేసు మధ్యలో తగిలించడం తేలిక. లాఫ్ట్ ఎక్కువ కాబట్టి బంతికి వెనక్కి తిరిగే స్పిన్ ఎక్కువ పడుతుంది. ఫేసు కాస్త తెరుచుకుని తగిలినా బంతి తిరిగే ఇరుసు అంతగా పక్కకి ఒరగదు, అందుకని వంపు తక్కువ. ఇంతవరకు దాని గొప్ప. దాని తల మాత్రం డ్రైవర్ తలలో సగం కూడా ఉండదు. డ్రైవర్‌కి 460 ఘన సెంటీమీటర్ల దాకా నియమం ఒప్పుకుంటుంది, ఇప్పుడు వచ్చేవి చాలావరకు ఆ అంచున ఉన్నవే. అంత పెద్ద తల మడమ వైపో (కర్ర అతికిన వైపు) ముక్కు వైపో (అవతలి కొస) తగిలినా పెద్దగా మెలిపడదు. చిన్న తల మెలిపడుతుంది. త్రీ వుడ్ మధ్యలో తగలకపోతే పోగొట్టుకునే దూరం డ్రైవర్ కంటే ఎక్కువని నా అనుభవం.

నమ్మకం లేనివాళ్లు ఒకటి చెయ్యండి. చెమటకాయల పౌడరు డబ్బా రేంజికి (సాధన చేసే చోటుకి) పట్టుకెళ్లి, ఫేసు మీద పల్చగా చల్లి కొట్టండి. బంతి తగిలిన చోట పౌడరు లేచిపోయి గుండ్రంగా మచ్చ పడుతుంది. నేను ఒక సాయంత్రం పూట రెండు క్లబ్బులతో ఇరవై ఇరవై బంతులు కొట్టాను, ప్రతిసారీ తుడిచి మళ్లీ చల్లి. డ్రైవర్ మచ్చలు మడమ వైపు గుంపుగా పడ్డాయి. మధ్యకి అరంగుళం అవతల, కానీ దాదాపు ఒకేచోట. త్రీ వుడ్ మచ్చలు అడ్డంగా బాగానే ఉన్నాయి, నిలువుగా చూస్తే మాత్రం చాలావరకు అడుగు అంచుకి ఆనుకుని ఉన్నాయి. రెండు బంతులకైతే మచ్చ సగం చందమామలా పడింది, మిగతా సగం ఫేసు దాటిపోయింది. ఆ రెండూ నేలబారుగా నూట ఇరవై గజాలు పాకాయి. తిన్నగానే పాకాయి. తిన్నగా పోయిందని సంతోషపడే అలవాటు నాకు ఆ సాయంత్రంతో పోయింది.

నాకు కనిపించిన రోగం డ్రైవర్‌ది కాదు, దాని పొడవుది. మడమ వైపు తగిలితే బంతికి కుడివైపు వంపు ఇంకా పెరుగుతుంది. కాబట్టి షాఫ్ట్ (క్లబ్బు కర్ర) ఒక అంగుళం కోయించాలని నిర్ణయించుకున్నాను. వేరే ఊళ్లో ఒక దుకాణంలో ఇచ్చాను. గ్రిప్పు (చేత్తో పట్టుకునే పిడి) వైపు అంగుళం కోసి, కొత్త గ్రిప్పు తొడిగి చేతిలో పెట్టారు. కొట్టి చూస్తే చేతిలో తల ఉన్నట్టే తెలియలేదు, చీపురు తిరగేసి ఊపినట్టుంది. రెండు నెలలు నానా అవస్థ పడ్డాను. తర్వాత తెలిసింది, అంగుళం కోస్తే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు తల బరువు చేతికి ఎంత తెలుస్తుందో చెప్పే కొలత) దాదాపు ఆరు పాయింట్లు పడిపోతుందని, ఒక్కో పాయింటుకి తల దగ్గర రెండు గ్రాముల చొప్పున తిరిగి చేర్చాలని. ఆ సంగతి కోసేవాళ్లు చెప్పాలి, చెప్పలేదు. సీసం పట్టీ తెప్పించి, వంటింటి తక్కెడలో పది గ్రాములు తూచి, తల అడుగున వెనక వైపు అంటించాను. అప్పుడు క్లబ్బు మళ్లీ చేతికొచ్చింది. పౌడరు మచ్చలు మధ్యకి జరిగాయి. వంపు పూర్తిగా పోలేదు గానీ, పొదల్లోకి పోయేది రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కనుండే పొడుగు గడ్డిలో) ఆగుతోంది. దూరం తగ్గుతుందేమో అనుకున్నాను, మధ్యలో తగలడం వల్ల కలిసొచ్చి తేడా కనబడలేదు. ఈ సమీక్షలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి: డ్రైవర్ మానేసే ముందు దాన్ని పొట్టి చేసి చూడండి. కోయించే ముందు గ్రిప్పు కింద వేళ్లు జార్చి, అంగుళం కిందకి పట్టుకుని నెల రోజులు కొడితే పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

టీ ఎత్తు గురించి. డ్రైవర్‌కి క్లబ్బు తలకి పైన సగం బంతి కనిపించేలా పెడతాను. త్రీ వుడ్‌కి అదే అలవాటులో ఎత్తుగా పెట్టి, బంతి క్లబ్బు నెత్తిన తగిలి నిలువునా లేచి ఎనభై గజాల్లో పడిన సందర్భాలున్నాయి. నా త్రీ వుడ్ నెత్తిన నల్లరంగు మీద తెల్లటి గీత ఒకటి ఇప్పటికీ ఉంది, వేలితో తడిమితే తగులుతుంది. ఇప్పుడు త్రీ వుడ్‌కి కొత్త టీ వాడను. పార్ త్రీ టీల దగ్గర విరిగిపడిన ముక్కలు ఏరుకుని జేబులో వేసుకుంటాను. విరిగిన ముక్కని గడ్డిలోకి నొక్కితే బంతి గడ్డి మీద కూర్చున్నట్టు ఉంటుంది, అంతే కావాలి.

మన ఊరి వాతావరణం సంగతి చెప్పకపోతే ఈ పోలిక అసంపూర్ణం. ఏప్రిల్, మే నెలల్లో నేల రాయిలా ఉంటుంది. అప్పుడు త్రీ వుడ్ బంతి దొర్లీ దొర్లీ డ్రైవర్‌కి దగ్గరగా వచ్చేస్తుంది. ఎండాకాలం ఇరుకు హోల్స్‌లో త్రీ వుడ్ తీస్తే నష్టం తక్కువ. జూన్‌లో వానలు మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. బంతి పడ్డచోటే మట్టిలో కూరుకుపోతుంది, దొర్లడం అనేదే లేదు. నా త్రీ వుడ్ 180 దగ్గర ఆగిపోతుంది, 380 గజాల హోల్‌లో ఇంకా రెండొందలు మిగులుతుంది. వానాకాలంలో నాకు డ్రైవరే గతి. ఫేసు మాత్రం ప్రతి దెబ్బకీ ముందు పొడిగా తుడవాలి. తడి ఫేసు మీద స్పిన్ చచ్చిపోయి, నాలాంటి నెమ్మది ఊపుకి బంతి గాల్లో నిలబడదు. తువ్వాలు రెండు తెచ్చుకోండి, ఒకటి ఫేసుకి, ఒకటి చేతులకి. మన తేమలో తొమ్మిది గంటలయ్యేసరికి గ్రిప్పు సబ్బుముక్కలా జారుతుంది. పొడవాటి క్లబ్బు జారితే ఎక్కువ తప్పుతుంది.

తేమగాలి బరువు, అందుకే బంతి పోవట్లేదు అని మా గుంపులో అంటుంటారు. నిజానికి నీటి ఆవిరి మిగతా గాలి కంటే తేలిక, అదే వేడిలో తేమగాలి పొడిగాలి కన్నా కొంచెం తేలికే. బంతి పోకపోవడానికి తడి నేల, అలిసిన చేతులు కారణం.

సముద్రపు గాలి ఎదురైనప్పుడు కూడా చాలామంది త్రీ వుడ్ తీస్తారు, కిందుగా పోతుందని. కానీ స్పిన్ ఎక్కువున్న బంతి ఎదురుగాలికి పైకి లేచి, గాల్లోనే ఆగి, నిటారుగా పడుతుంది. పదకొండు దాటాక గాలి తిరిగిన రోజున నా త్రీ వుడ్ 160 దాటలేదు. "గాలి తిరిగిపోనాది సార్, పెద్దదే తియ్యండి" అని క్యాడీ చెప్పాడు. నేను వినలేదు. పక్కనున్నాయన డ్రైవర్ టీని అర అంగుళం దించి, సగం ఊపుతో కొట్టి నన్ను ముప్పై గజాలు దాటేశాడు. అప్పట్నుంచి ఎదురుగాలికి నేనూ అదే చేస్తున్నాను.

అయితే త్రీ వుడ్ ఎప్పుడు? ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో చూసుకోవాలి. 200 నుంచి 220 గజాల మధ్య నీళ్లో, వంక తిరిగే ఫెయిర్‌వే చివరో ఉంటే, త్రీ వుడ్ అక్కడికి చేరదు కాబట్టి తీస్తాను. అప్పుడది నాకు భద్రత. ప్రమాదం టీ దగ్గర్నుంచే పక్కన పొడుగునా సాగితే, అవుట్ ఆఫ్ బౌండ్స్ (ఆట హద్దు) గోడలాగా, త్రీ వుడ్ కాపాడేది తక్కువే. వంకరపోతే అదీ దాటుతుంది. దాటితే ఒక పెనాల్టీ, మళ్లీ టీ మీద నుంచే, అంటే మూడో దెబ్బ. పొదల్లో వెతుక్కోడానికి 2019 నుంచి మూడు నిమిషాలే. హుద్‌హుద్ తుఫానులో చెట్లు కూలిన ఊరు మనది. ఆ తర్వాత నాటినవి పదేళ్లలో బంతిని మింగేంత గుబురుగా ఎదిగాయి. అలాంటి చోట డ్రైవర్ పట్టుకుని, ప్రమాదం ఉన్న వైపే టీ గుచ్చి, అవతలి వైపు రఫ్‌కి గురిపెడతాను. కుడి పక్క ముప్పు ఉంటే టీ బాక్సులో కుడి కొసకి వెళ్లండి, ఫెయిర్‌వే ఒక్కసారిగా వెడల్పుగా కనిపిస్తుంది. భయం వేసినందుకు మాత్రం త్రీ వుడ్ తియ్యను. భయంతో పట్టుకున్న చేతులు 43 అంగుళాల క్లబ్బుని కూడా తెరిచే కొడతాయి.

కొనేవాళ్లకి: 15 డిగ్రీల త్రీ వుడ్ నెమ్మది ఊపు ఉన్నవాళ్లకి నేల మీద నుంచి కష్టం, బంతి లేవదు. నేను మళ్లీ కొనాల్సి వస్తే 18 డిగ్రీల ఫైవ్ వుడ్ ఒక్కటే కొంటాను. టీ మీద ఓ పది గజాలు తగ్గినా, నేల మీద నుంచి నాకు పనికొచ్చేది అదే. మొన్నమొన్నటి దాకా నా సంచిలో రెండూ ఉండేవి. 14 క్లబ్బుల పరిమితిలో ఒక చోటు ఊరికే పోతోందన్న అనుమానం కొంతకాలంగా ఉండేది.

ఆ అనుమానం తీరే సందర్భం ఈ మధ్యే వచ్చింది. గాజువాకలో ఉండే మా బావమరిది కొత్తగా ఆట మొదలుపెట్టాడు. "బావా, డ్రైవర్ కొననా, త్రీ వుడ్ కొననా?" అని అడిగాడు. కొనకు, నాది తీసుకెళ్లి రేంజిలో కొట్టి చూడు అని త్రీ వుడ్ ఇచ్చి పంపాను. ఆరు వారాలైంది. నేను డ్రైవర్‌తోనూ ఫైవ్ వుడ్‌తోనూ నెట్టుకొస్తున్నాను. ఈ ఆరు వారాల్లో త్రీ వుడ్ కోసం నా చెయ్యి సంచిలోకి వెళ్లింది ఒక్క హోల్‌లోనే, నీళ్లు 205 దగ్గర మొదలయ్యే చోట. అక్కడ ఫైవ్ వుడ్ కొట్టాను, నీళ్లకి ఇవతలే ఆగింది. వాడు ఫోన్ చేసి తిరిగి తెచ్చిచ్చెయ్యనా అని అడిగితే, ఇంకొన్నాళ్లు ఉంచుకోమన్నాను.