డౌన్ స్లీపింగ్ బ్యాగ్ కొన్నాను, కేదార్‌కంఠ చలికి ఎలా పనిచేసిందంటే

విజయనగరంలో ఇలాంటివి చేత్తో పట్టుకుని చూసి కొనే షాపు నాకు దొరకలేదండి, ఆన్‌లైన్‌లోనే తెప్పించా. డౌన్ అంటే బాతు ఈకల కింద ఉండే మెత్తటి నూగు, అది నింపిన బ్యాగ్, కేజీ లోపే బరువు, రేటు చూసి మా అమ్మ ఇంత డబ్బెట్టి బొంత కొన్నావేట్రా అంది.

కవర్ మీద పెద్దక్షరాల్లో మైనస్ ఎంతో రాసుంటది, దాన్ని నమ్మకండి. ఐఎస్ఓ 23537 అని స్లీపింగ్ బ్యాగులకి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దాని ప్రకారం టెస్ట్ చేసినవాటికి లోపల కంఫర్ట్, లిమిట్ అని టెంపరేచర్లు ఉంటాయి, కంఫర్ట్ అంటే హాయిగా నిద్ర పట్టేది, లిమిట్ అంటే ముడుచుకుని పడుకుంటే ఎలాగోలా నిద్ర పట్టేది, ఉక్కపోతలో పెరిగిన మనలాంటోళ్లు కంఫర్టే చూడాలి. నాది కంఫర్ట్ 0 డిగ్రీలు. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ట్రెక్‌లో, డిసెంబర్ క్యాంపులో బయట అంతకంటే కిందకే పోయింది, థర్మల్స్, ఉన్ని టోపీ వేసుకుంటే వెచ్చగానే ఉంది గానీ కింద మంచి మ్యాట్ లేకపోతే ఎంత రేటు బ్యాగైనా వేస్టే, ఒంటి బరువుకి అడుగున డౌన్ అణిగిపోయి నేల చలి నేరుగా ఎక్కేస్తది.

తడిస్తే డౌన్ ఉండకట్టేస్తది, ఇంక వెచ్చదనం ఉండదు. ఇంట్లో కూడా చిన్న సంచిలో కుక్కి ఉంచొద్దు, పెద్ద కాటన్ సంచిలో వదులుగా పెట్టండి, మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కదా, అప్పుడప్పుడు ఆరబెట్టాలి.

జిప్ మాత్రం చిరాకు, లోపలి గుడ్డని పట్టేస్తది, చీకట్లో మరీను.

అరకు, లంబసింగి వరకే అయితే ఇది దండగ, మామూలు సింథటిక్‌ది తీసుకోండి చాలు.