12 అంగుళాల సీల్డ్ సబ్‌వూఫర్: బిగువైన బాస్, కానీ చోటు కుదరాలి

బాస్ కోసమే చేసిన ఈ సీల్డ్ (గాలి రంధ్రం లేకుండా మూసిన) పెట్టె బలం దాని బిగువే. డ్రమ్ దెబ్బ పడి వెంటనే ఆగిపోతుంది, గది మూలుగుతూ ఉండదు. అదే సైజు పోర్టెడ్ (గాలి రంధ్రమున్న) సబ్‌తో పోలిస్తే 25 హెర్ట్జ్ దగ్గర ఊపు తక్కువే. పేలుళ్లకు సోఫా అదరాలనుకుంటే ఇది చాలదు.

అసలు చిక్కు చోటుతోనే. 4.3 మీటర్ల పొడవున్న గదిలో సుమారు 40 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగం (గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తగిలి నిలిచిపోయే అల) ఏర్పడుతుంది. గోడ పక్కన బాస్ ఉబ్బుతుంది, నడిమధ్యన మాయమవుతుంది. సబ్‌ను కూర్చునే సీటులోనే పెట్టి, బాస్ ఎక్కువున్న పాట వేసి, గోడల వెంట నేలమీద పాకుతూ వినండి. స్వరాలన్నీ సమంగా వినిపించిన చోటే దాని స్థానం. కాస్త ఇబ్బందైనా ఈ పని మానొద్దు, ఏ ఈక్వలైజరూ దీనికి సాటిరాదు.

రిసీవర్‌లో స్పీకర్లను ‘స్మాల్’ (లోతైన బాస్‌ను వాటికి పంపని సెట్టింగ్) చేసి, క్రాసోవర్, అంటే శబ్దం స్పీకర్ల నుంచి సబ్‌కు మారే హద్దు, 80 హెర్ట్జ్ పెట్టండి. సబ్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ను ఎక్కువ హెర్ట్జ్ వైపు చివరిదాకా తిప్పేయాలి, లేదంటే రెండు ఫిల్టర్లూ కలిసి బాస్‌ను కోసేస్తాయి. గెయిన్ (సబ్ మీది వాల్యూమ్ నాబ్) సగంతో మొదలుపెట్టండి. కాలిబ్రేషన్ (రిసీవర్ మైక్‌తో స్పీకర్లను సర్దుకోవడం) తర్వాత రిసీవర్‌లో సబ్ లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్‌కు దిగిందంటే గెయిన్ ఎక్కువైనట్టే. అప్పుడు సబ్‌కు వెళ్లే సిగ్నల్ బలహీనపడి, తక్కువ వాల్యూమ్‌లో ఆటో ఆన్ (సిగ్నల్ రాగానే సబ్ తనంతట తానే ఆన్ అవడం) మొరాయిస్తుంది. సబ్ మీది ఫేజ్ (దాని అలలను స్పీకర్ల అలలతో కలిపే సెట్టింగ్) 0, 180 డిగ్రీలు రెండూ మార్చి చూసి, సీటులో 80 హెర్ట్జ్ టోన్ గట్టిగా వినిపించేదే ఉంచండి.